గంట వచ్చే దారి, మాట వచ్చే దారి

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, దీర్ఘం ఎక్కడైనా జారిపోయినా సర్దుకుని చదవండి. చెయ్యి నిదానం. ఒక్కో వాక్యానికీ కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని రాశాను. కోపం మాత్రం నిదానంగా రాలేదు. దానికి అక్షరాలతో పనిలేదు.

ఆమె కొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు తిరగేసి వేడి పెట్టె ఆనించబోతుండగా కోడలు వెనకనుంచి వచ్చి చెవిలో అరిచింది.

"అత్తయ్యా! పాలు! పొయ్యి మీద పాలు!"

ఇస్త్రీ పెట్టె చేతిలోంచి జారినంత పనైంది. పాలు ఎప్పుడో దించి మూత పెట్టింది ఆమె. ఆ మాటే చెప్పింది. కోడలు జాలిగా నవ్వి, చంకలో పాపాయితో మామూలు గొంతుతో, "నానమ్మకి అరిస్తే గానీ ఎక్కదు బంగారం" అంది. ఆ మామూలు గొంతు కూడా ఆమెకు చక్కగా వినిపించింది. వినిపించిందని తనకే నమ్మకం కలగలేదు.

నెలరోజులుగా ఆ ఇంట్లో ఆమెకు చెవుడు.

అది ఫోనుతో మొదలైంది. నడవాలో చెప్పుల స్టాండు పైన ఒక నల్లటి పెట్టె ఉంటుంది, సబ్బుపెట్టె అంత. ఒకవైపు ఇంటర్నెట్ తీగ, ఇంకోవైపు పాతకాలపు ఫోను. అక్క ఇంట్లోనూ అలాంటిదే ఒకటుంది. మధ్యలో ఏ కంపెనీ లేకుండా ఈ పెట్టె ఆ పెట్టెను నేరుగా పిలుస్తుంది. అక్క కూతురు వచ్చి బిగించి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ విడమర్చి చెప్పింది: "పిన్నీ, దీనికి రెండు దారులు. గంట వచ్చే దారి ఒకటి, మాట వచ్చే దారి ఒకటి. మీ రౌటర్లో రెండూ తెరిచి పెట్టాను. ఎప్పుడైనా అనుమానమొస్తే ఫోను మీద స్టార్ ఉంటుందే, ఆ చుక్క గుర్తు మూడుసార్లు నొక్కు. పెట్టె తన నంబరు తనే చదువుతుంది."

మధ్యాహ్నం అంట్లు తోమి, పాపను నిద్రపుచ్చి, ఆరిన బట్టలు మడత పెట్టాక ఆమె ఆ ఫోను దగ్గర పీట వేసుకుని కూర్చునేది. రోజు మొత్తంలో తనదంటూ ఉన్న కాసేపూ అదే. సెల్లు లేదు. అడిగితే కోడలు, "మీకెందుకత్తయ్యా, ఎప్పుడూ ఇంట్లోనేగా ఉంటారు" అంది. ఇంట్లోనే ఎందుకుంటుందో మాత్రం ఎవరూ అడగలేదు.

అక్క మాట చివరిసారి వినపడిన రోజు ఆమెకు బాగా గుర్తు. "బుల్లీ, మేడమీద అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తున్నారే. ఆ గదిలోకి వచ్చేయ్. ఇద్దరం ఉందాం. ఇంకా ఎన్నాళ్ళు చేస్తావు? ఆలోచించుకుని చెప్పు, అంతవరకూ ఎవరికీ ఇవ్వను" అంది అక్క. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె ఆ సంగతి భయంభయంగా ఎత్తింది. "మీరు లేకపోతే ఈ ఇల్లు నడుస్తుందా అత్తయ్యా!" అని కోడలు నవ్వేసింది. అది పొగడ్త అనుకోవాలి కాబోలు. కొడుకు తలెత్తకుండా, "చూద్దాంలే అమ్మా, పచ్చడి ఇటివ్వు" అన్నాడు.

తరవాత వారంలో ఓ రోజు ఫోను మోగింది. ఎత్తింది. నిశ్శబ్దం. "అక్కా? హలో? అక్కా?" అంది. బావిలోకి తొంగిచూసినట్టుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కొడుక్కి చెబితే ఇంట్లోంచే చేసే ఉద్యోగంలో తలమునకలుగా ఉండి, "గంట మోగుతోందంటే ఫోను బాగున్నట్టేగా. నీ చెవులే అమ్మా. వయసొచ్చింది" అన్నాడు. నీ సెల్లోంచి ఒకసారి కలిపిపెట్టరా అంటే, "చెవుడుకి ఏ ఫోనైతే ఏంటి" అన్నాడు. కోడలు అరవడం మొదలుపెట్టింది. పక్కింటావిడా అందుకుంది. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తామన్నారు. తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు.

నమ్మేసింది ఆమె. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కుళాయి చుక్క చుక్క కారడం వినిపించేది, పాపాయి నిద్రలో మూలగడం వినిపించేది. అయినా నలుగురూ అంటున్నారు కదా, నాకే తెలియడం లేదేమో అనుకుంది. పెళ్ళయిన నాటినుంచీ ఆమెకు అలవాటైన పనే అది. ఉప్పెక్కువైందని ఆయనంటే తన నాలుకదే తప్పు. ఒంట్లో బాగాలేదంటే "నీకెప్పుడూ ఉండేదేగా" అనేది అత్తగారు, అంతటితో జ్వరం కూడా అబద్ధమైపోయేది. నాలుకా పోయింది, ఒళ్ళూ పోయింది, ఇప్పుడు చెవులు.

ఆ మధ్యాహ్నం చొక్కా హ్యాంగరుకు తగిలించి, నడవాలో దుమ్ము తుడుస్తూ ఫోను చేతిలోకి తీసుకుంది. అక్క కూతురి మాట గుర్తొచ్చింది. చుక్క గుర్తు మూడుసార్లు నొక్కింది.

పెట్టెలోంచి ఒక ఆడగొంతు అంకెలు చదవసాగింది. గంట కొట్టినట్టు, ఒక్కో అంకె విడివిడిగా. ఆమె ఫోను కుడిచెవికి మార్చింది, మళ్ళీ ఎడమకి మార్చింది. రెండు చెవులకూ వినిపించింది. చెవులు బాగున్నాయి. ఫోను బాగుంది. పెట్టె బాగుంది. తుడుస్తున్న గుడ్డ చేతిలో పిండినట్టు మెలితిరిగింది.

వెంటనే అక్కకి కలిపింది. అవతల ఎత్తగానే పెట్టె టిక్కుమంది. ఆ తరవాత మామూలే, నిశ్శబ్దం. ఈసారి హలో అనలేదు.

"అక్కా, నీ మాట నాకు రావడం లేదు. నా మాట నీకు వస్తోందేమో తెలీదు. పెట్టేస్తున్నా. వినిపిస్తే ఒక్కసారి మోగించి ఆపు. కాదు అని చెప్పాలంటే రెండుసార్లు మోగించు. నేను ఎత్తను."

పెట్టేసి చూస్తూ నిలబడింది. ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

ఏడుపొచ్చింది. నెలపాటు తన "హలో, హలో" అంతా అక్క వింటూనే ఉందన్నమాట. జవాబులు చెబుతూనే ఉందన్నమాట. మళ్ళీ కలిపింది. "నీ దగ్గర ఏమన్నా మార్చారా?" రెండుసార్లు మోగింది. అయితే మారింది ఇక్కడే.

కొడుకు గది తలుపు తోసింది. అతను చెవులకు పెద్ద హెడ్‌ఫోను తగిలించుకుని ఉన్నాడు.

"రౌటర్లో ఏమన్నా మార్చావురా?"

"మీటింగులో ఉన్నానమ్మా!"

"మార్చావా లేదా?"

హెడ్‌ఫోను ఒకవైపు జరిపాడు. "ఓ, అదా. నా మీటింగుల్లో మాట తెగిపోతోంది. నీ పెట్టెకిచ్చిన దారి తీసేసి నా కంప్యూటరుకిచ్చాను. నెలవుతోంది."

"గంట దారి ఉంచావేం?"

"ఒకటి తీస్తే సరిపోయింది."

"మరి నాకు చెవుడన్నావు."

"ఏదో అన్నాన్లే. అప్పుడు గుర్తు రాలేదు. తరవాత గుర్తొచ్చింది గానీ, అప్పటికే నువ్వు అలవాటు పడిపోయావుగా." నవ్వాడు కూడా. "అయినా పెద్దమ్మ చెప్పేదేముంటుందమ్మా, ఒకటే సోది. శనివారం తెరుస్తాలే. ఆ చొక్కా అయిందా?"

అలవాటు పడిపోయావుగా. ఆ మాట విన్నాక ఆమె అరవలేదు. అరిస్తే, చెవిటివాళ్ళు అరుస్తారు కదా అంటాడు. తలుపు దగ్గరగా వేసి నడవాలోకి వచ్చింది. పాపాయి తొట్లో ఉంది, కోడలు పక్కన సెల్లు చూసుకుంటోంది. సింకులో మధ్యాహ్నం గిన్నెలు అలాగే ఉన్నాయి. వాటిని చూసింది, చూసి వదిలేసింది.

అక్కకి కలిపింది.

"అక్కా, ఆ గది ఇంకా ఉందా? నేను వచ్చేస్తాను. ఒకసారా, రెండుసార్లా, నువ్వే చెప్పు."

పెట్టేసి లోపలికి నడిచింది. మంచం కింద సూట్‌కేసు లాగుతుండగా ఫోను మోగింది. ఒకసారి మోగింది, ఆగలేదు. రెండోసారి, మూడోసారి, అక్క లెక్క మరిచిపోయినట్టు మోగుతూనే ఉంది. ఇల్లంతా మోగింది.

"అమ్మా!" గదిలోంచి కొడుకు కేక. "ఫోను మోగుతోంది! వినిపించట్లేదా?"

"వినిపిస్తోంది" అంది ఆమె, చీరలు సర్దుకుంటూ.

బుల్లి,
అరవై నాలుగేళ్ళు,
ఇప్పుడు ఉంటున్నది అక్క ఇంటి మేడమీద గదిలో.