గుడ్డ విమానం

కోదండం చెక్కిన బొమ్మకు వంక పెట్టినవాడు తిరుపతిలో అంతవరకూ లేడు. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో అతని ఇల్లు. ఎర్రచందనంతో రాజారాణి బొమ్మలు చెక్కి, కొండకు వచ్చిన యాత్రికులకు అమ్ముకునేవాడు. యుద్ధం మొదలయ్యాక పిల్లలు విమానాలు అడగసాగారు. ఆకాశంలో పోతుంటే తలెత్తి చూసిందీ, పత్రికలో బొమ్మ చూసిందీ కలుపుకుని కోదండం ఒక నమూనా కట్టుకున్నాడు. నున్నటి ఒళ్ళు, రెండు రెక్కలు, ముక్కున తిరిగే పంకా. అవీ బాగానే పోయేవి.

నలభై అయిదో సంవత్సరం వేసవిలో పక్కింటి నాగులమ్మ అలాంటి విమానం ఒకటి తన మేనల్లుడికని తీసుకుపోయింది. మేనల్లుడు చెంగల్రాయుడు. నగరిలో మగ్గం నేసే ఆమె అన్న సుబ్బన్నకు ఒక్కడే కొడుకు. నాలుగేళ్ళ కిందట తండ్రికి చెప్పకుండా మద్రాసు పోయి విమానదళంలో చేరాడు. బర్మా సరిహద్దు నుంచి రెండు కళ్ళూ పోగొట్టుకుని వచ్చాడు. నగరిలో ఉండలేక అత్త పంచన చేరి, పొద్దంతా వసారాలో గోడకానుకుని కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే ఊ అనేవాడు, అంతే.

అరగంట కాకముందే నాగులమ్మ బొమ్మను వెనక్కి తెచ్చింది.

"ఏమీ అనుకోవద్దు కోదండమన్నా. వాడు తడిమి సూసి, ఇది ఇమానం కాదు, గద్ద అంటాండాడు." ఆమె మొహంలో మాత్రం నొచ్చుకోలు లేదు, సంబరం ఉంది. "ఈడికి వచ్చినాంక వాడు ఇన్ని మాటలు మాట్లాడింది ఈ పొద్దే అన్నా!"

కోదండానికి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ చేతిపనికి కళ్ళు లేనివాడు వంక పెట్టడమా? బొమ్మ చేతబట్టుకుని నేరుగా వాళ్ళ వసారా ఎక్కాడు.

"ఏమప్పా, యాడుండాది తప్పు?"

చెంగల్రాయుడు చెయ్యి చాచాడు. అతని ముఖం ఎడమవైపంతా కాలి, చర్మం ముడుచుకుపోయింది. వేళ్ళు మాత్రం పొడుగ్గా, చురుగ్గా ఉన్నాయి. అవి బొమ్మ మీద తొందరపడకుండా నడిచాయి.

"రెక్కలు గద్దకు మాదిరి వెనక్కి వంగినాయి మామా. మా హరికేను ఇమానానికి నేరుగా పోయి, కొసన గుండ్రంగా తిరుగుతాయి. పంకాకు మూడు రేకులు, నువ్వు రెండే పెట్టినావు. కడుపు కింద ఇంజను చల్లార్చే రేడియేటరు పెట్టె ల్యాదు. ఇంగ ఈడ..." బొటనవేలు నడుము దగ్గర ఆగింది. "ఈడినుంచి తోక దాకా నున్నగా చేసేసినావు. ఇదంతా గుడ్డ. గుడ్డ కింద సన్న చెక్క బద్దలుంటాయి. చెయ్యి పెడితే ఎద్దు పక్కటెముకలు తగిలినట్ల తగలాల."

"ఇమానానికి గుడ్డా?"

చెంగల్రాయుడు తల అటు తిప్పుకున్నాడు. "నువ్వూ నవ్వుతావా మామా? నేను మూడేండ్లు చేసిన పని అదే. చినిగిన గుడ్డ కుట్టేది, కొత్త గుడ్డ తొడిగేది, దాని మీద డోపని ఒక మందు పూసేది. అది ఆరితే గుడ్డ డప్పు మాదిరి బిగుసుకుంటాది. నగరిలో ఈ మాట చెప్తే అందరూ నవ్వినారు. ఇమానం ఇనుముతో చేస్తారు గానీ గుడ్డతోనా అన్నారు. యాడో తాగి పడి కండ్లు పోగొట్టుకోని, కతలు చెప్తాండాడన్నారు. మా నాయన ఒక్క మాట అడ్డం చెప్పలా."

కోదండానికీ ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. కానీ అతని చేతిలో తన బొమ్మ ఎంత బరువుగా, మొద్దుగా ఉందో అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది.

"సరే, నువ్వు చెప్పు. నేను చేస్తా," అన్నాడు.

మర్నాటి నుంచి చెంగల్రాయుడు కోదండం పక్కన చాప మీద కూర్చోసాగాడు. అసలు విమానానికి రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు నలభై అడుగులు. అడుగుకు అరంగుళం లెక్కన బొమ్మకు ఇరవై అంగుళాలు. ఎర్రచందనం బరువని పక్కన పెట్టి కోదండం ముందు భాగం, రెక్కలు తేలికపాటి పాలకొయ్యతో చెక్కాడు. వెనక భాగానికి వెదురు చీల్చి, పుల్లలు గీకి, గూడు అల్లాడు. చెంగల్రాయుడు ప్రతిదీ తడిమి చూసేవాడు. బాగుంటే ఏమీ అనేవాడు కాదు. బాగాలేకుంటే వేలు అక్కడే ఆగేది. రెక్కలు మూడుసార్లు పీకి మళ్ళీ అతికించాల్సి వచ్చింది. పైలటు ఎక్కడానికి కాలు పెట్టే ఇనుప మెట్టు ఎడమ పక్కన ఉంటుందనీ, దాన్ని కిందికి లాగితే పైన చెయ్యి పట్టుకునే బొక్కకు మూత తెరుచుకుంటుందనీ చెప్పాడు. కోదండం గుండుసూదులు వంచి ఆ మెట్టు చేశాడు. మూత తెరుచుకునేలా చెయ్యడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అంత చిన్న పనికి తను అంతగా తపించడం అతనికే వింతగా తోచింది.

ఒకరోజు లక్క కరిగించడానికి కోదండం కుంపటి రాజేశాడు. నిప్పు చిటపటలాడగానే చెంగల్రాయుడు దిగ్గున లేచి, గోడ తడుముకుంటూ వీధిలోకి పోయాడు. కోదండం వెనకే వెళ్ళేసరికి అరుగు మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"డోపుకు నిప్పంటుకుంటే ఆగదు మామా," అన్నాడు. "షెడ్డులో తోకకు పూస్తాండా. బయట ఎవురో బీడీ ముట్టించినారు. ఒక్క అగ్గిపుల్ల. గుండు తగిలుంటే చెప్పుకునేదానికైనా బాగుండు. ఇది చెప్తే యుద్ధం గూడా కాదాయె."

కోదండం లోపలికి పోయి కుంపటి ఆర్పాడు. ఆ బొమ్మ అయ్యేదాకా లక్క జోలికి పోలేదు. అన్నీ చల్లటి జిగురుతోనే అతికించాడు.

తోక గూటి మీద తన పాత పంచె చింపి అంటించి, పైన జిగురు పూశాడు. ఆరేసరికి గుడ్డ ఒక పక్కకు లాగి, తోక అరటికాయలా వంగింది. చెంగల్రాయుడు దాన్ని తడిమి, వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వాడు. "రెండు పక్కలా ఒకేసారి పూయాల మామా. ఒక పక్క ఆరితే అది రెండో పక్కను ఈడ్చుకోని పోతాది."

ఆ సాయంత్రమే సుబ్బన్న వచ్చాడు. నెలకోసారి చెల్లెలికి బియ్యమూ కొడుక్కి పంచెలూ తెచ్చి, ఒక రాత్రి ఉండి పోతాడు. కోదండం పక్కన కూర్చున్న కొడుకునూ, వాడి ఒళ్ళో వంకర తోక విమానాన్నీ చూసి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఈడ గూడా అదే కతా? నగరిలో నవ్వింది సాలలేదా?"

చెంగల్రాయుడు బొమ్మను జాగ్రత్తగా చాప మీద పెట్టి, లేచి అత్త ఇంటికి పోయాడు. కోదండం ఉలి చేతికి తీసుకున్నాడు. ఆ పిల్లవాడు చెప్పింది నిజమని తనకు మాత్రం ఏం తెలుసు?

తెల్లారి సుబ్బన్న సంచి సర్దుకుంటుండగా, ఆ సందులోనే ఉండే రైల్వే పోర్టరు చిన్నబ్బ కేకేసుకుంటూ వచ్చాడు. ఏర్పేడు దగ్గర బీడులో నిన్న విమానం దిగిపోయిందట. పెట్రోలు అయిపోయిందట, తను కళ్ళారా చూసి వచ్చాడట.

"కడుపు కింద పెట్టె ఉండాదా? పంకాకు మూడు రేకులా?" అడిగాడు కోదండం.

చిన్నబ్బ తెల్లబోయాడు. "అవునన్నా. నీకెట్ల తెలుసు?"

కోదండం సుబ్బన్న సంచి లాక్కున్నాడు. "నగరికి రేపు పోవచ్చు. నువ్వూ రా సుబ్బన్నా. నీ కొడుకునూ తీసుకుపోదాం."

ఏర్పేడులో ఊరంతా ఆ బీడులోనే ఉంది. ఒక చక్రం గుంతలో పడి, విమానం పక్కకు ఒరిగి ఉంది. కానిస్టేబులొకడు లాఠీతో జనాన్ని ఆపుతున్నాడు. రెక్క నీడలో ఇరవై రెండేళ్ళ పైలటు కూర్చున్నాడు, ఏదో ఉత్తరాది కుర్రవాడు. చెంగల్రాయుడు అత్త కట్టిన తలగుడ్డ తీసి, నిటారుగా నిలబడి, తన నెంబరూ పనీ హిందూస్తానీలో గట్టిగా చెప్పాడు. పైలటు లేచి వచ్చాడు. ఆ ముఖం కేసి ఒక్కక్షణం చూసి, చెయ్యి పట్టుకుని తోక దగ్గరికి నడిపించాడు. కానిస్టేబులు మిగతా ఇద్దర్నీ అడ్డుకోలేదు.

కోదండం మొలలోంచి దారం తీసి కొలవడం మొదలుపెట్టాడు. తను చేసిన తోక చుక్కాని పొట్టి. మెట్టు చెప్పినచోటే ఉంది, మూత చెప్పినట్టే తెరుచుకుంది. పైలటు ముందున్న అద్దం మీద, వెనక చూసుకునే చిన్న అద్దం ఇంకోటి ఉంది.

"ఈ అద్దం సంగతి చెప్పనేలేదే?"

"గుడ్డ లేని చోట్లు నేనంతగా పట్టించుకోలా మామా," అన్నాడు చెంగల్రాయుడు.

సుబ్బన్న అప్పటిదాకా దూరంగానే ఉన్నాడు. తోక పక్కన ముళ్ళకంప గీరి, జానెడు మేర చినిగి, ఒక పీలిక గాలికి ఊగుతోంది. అది చూసి అతని కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి. పీలికను రెండువేళ్ళతో పట్టుకున్నాడు. ఒక పోగు లాగి, పురి విప్పి, నాలుకకు తాకించి చూశాడు.

"పత్తి కాదు. ఏదో నార. బిగువుగా నేసినారు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. లోపలికి తొంగి చూశాడు. సన్నటి చెక్క బద్దలు వరసగా కనిపించాయి. మెల్లగా గుడ్డ మీద వేలితో కొట్టాడు. డప్పులాగే మోగింది.

"చినుగు ఎంతుండాది నాయనా?" అడిగాడు చెంగల్రాయుడు.

"జానెడు."

"అట్లయితే ముందు కుట్టాల. ఆపైన అంచులకు రంపం మాదిరి పండ్లు కోసిన పట్టీ అంటించాల. పండ్లు కోస్తే అంచు లేవదు." సూది లేని చేత్తో చినుగు వెంబడి కుట్టు వేసి చూపించాడు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, వేళ్ళు ఎక్కడా తడబడలేదు. పైలటు అది చూస్తూ ఏదో అన్నాడు. చెంగల్రాయుడు తల వంచుకున్నాడు.

"ఏమంటాండాడు?" సుబ్బన్న అడిగాడు.

హిందూస్తానీ తెలిసిన కానిస్టేబులు చెప్పాడు. "పైన పోయేటప్పుడు తోక గుడ్డ ఊడితే మేము ఇంటికి రామంటాండాడు పెద్దాయనా. నీ కొడుకు మాదిరోళ్ళ చేతుల్ని నమ్ముకోనే ఎక్కుతామంటాండాడు."

సుబ్బన్న ఆ పీలికను చినుగు మీదికి మడిచి, అరచేత్తో ఒత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తరువాత కొడుకు కాలిన చెంప మీద చెయ్యి పెట్టాడు. వాడు ఇంటికొచ్చిన ఏడాదిలో ఎన్నడూ అక్కడ తాకలేదు. కోదండం కొలిచే దారం చుట్టుకుంటూ అటు తిరిగాడు.

తిరుగు రైలు రేణిగుంటలో ఆగింది. అప్పుడు సుబ్బన్న, "ఆ బొమ్మకు ఏం గుడ్డ వేసినావు కోదండం?" అన్నాడు.

"నా పాత పంచె."

"తీసెయ్. పంచె నూలు లావు."

పదిరోజులకు సుబ్బన్న మళ్ళీ వచ్చాడు. మగ్గం మీద ప్రత్యేకంగా నేసిన మూరెడు గుడ్డ తెచ్చాడు. అవతలి చెయ్యి కనబడేంత పల్చన. డోపుకు బదులుగా ఒక ముంతలో గంజి కూడా తెచ్చాడు. కోదండం తోకను సరిచేసి, చుక్కాని పెంచి, గుడ్డ తొడిగాడు. చెంగల్రాయుడు గుండ్రటి సూదితో అంచులు కుట్టాడు. తరువాత తండ్రి ఒక పక్క, కొడుకు ఒక పక్క కూర్చుని ఒకేసారి గంజి పూశారు.

"నిదానంగా నాయనా. ముందుకు పోతాండావు."

"నువ్వే వెనకబడినావు లేరా."

మధ్యాహ్నానికి ఆరింది. తోక వంగలేదు. నాగులమ్మ వచ్చి వేలితో కొట్టి, చిన్నపిల్లలా ఇంకోసారి కొట్టింది. కోదండం మాత్రం గుడ్డ మీది నుంచి వెదురు పుల్లలు ఒక్కొక్కటే వేలికి తగులుతుంటే చూసుకుంటూ కూర్చున్నాడు. అంత చక్కటి పని తన చేతుల మీదుగా అంతకుముందు జరగలేదని అతనికి తెలుసు.

మర్నాడు చెంగల్రాయుడు తండ్రితో నగరికి బయల్దేరాడు. విమానాన్ని సుబ్బన్న ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఆ కార్తీకంలో కోదండం ఏదో పని మీద నగరి పోయాడు. పొద్దున్నే నేతగాళ్ళ వీధిలో మగ్గానికెక్కాల్సిన పొడుగాటి పడుగులు సాగదీసి కట్టి ఉన్నాయి. ఒక పడుగు పక్కన చెంగల్రాయుడు నడుస్తున్నాడు. గంజి తడిపిన పోగుల మీద వేళ్ళు ఆనించి, తెగినచోట ఆగి, ముడివేసి, మళ్ళీ కదులుతున్నాడు. కళ్ళున్నవాళ్ళు పక్క పడుగు దగ్గర ఇంకా సగంలోనే ఉన్నారు.

"బాగుండావా అప్పా?" అన్నాడు కోదండం.

చెంగల్రాయుడు ఆ గొంతు గుర్తుపట్టాడు. వేళ్ళు మాత్రం పోగుల మీది నుంచి తియ్యలేదు. "ఇంట్లో కూర్చో మామా, అమ్మ కాఫీ ఇస్తాది. ఈ పడుగు ఎండెక్కకముందే అయిపోవాల."