గోగు ఊరిన బంద

దగ్గరికి రండి నాయనా, ముక్కు మీది గుడ్డ తీసేసి కూచోండి. ఈ కంపు ఇంకో రెండు నెలలు పోదు, దానికోసం ఆగితే నా మాట మీరు వినలేరు. మిల్లు వాళ్ళొక పక్క, చదువుకునే పిల్లలొక పక్క అని విడివిడిగా కూచోకండి. చాప ఒకటే ఉంది, సర్దుకోండి. నాకు అక్షరం ముక్క రాదు. చూసింది మరిచిపోయే అలవాటు మాత్రం లేదు.

కార్తీకం వస్తే మా పేట బందలో నార తీసే గోగు కట్టలు దిగుతాయి. బంద అంటే ఎంత? ఈ గట్టు మీంచి పిలిస్తే ఆ గట్టు మీద మనిషి పలుకుతాడు. ముప్పై గడపలు ఒళ్ళు కడుక్కునేదీ, గుడ్డలుతుక్కునేదీ, గొడ్లను దించేదీ అందులోనే. కామందు నరసింగరావుకు ఊళ్ళో పెద్ద చెరువుంది. అందులో గోగు వేస్తే చేపలు చస్తాయని వేయడు. బళ్ళకు బళ్ళు తోలించి మా బందలో పడేయిస్తాడు. కట్టల మీద మట్టి పెళ్ళలు పేర్చి ముంచుతారు. నాలుగో రోజుకు నీళ్ళు పసరు, పదో రోజుకు తారు. పైకి బుడగలు లేస్తాయి. బుడగ పగిలినప్పుడు వచ్చే కంపు ముందర చచ్చిన గొడ్డు కంపు నయం. జుట్టులో అదే, చీరలో అదే, తాగే గంజిలో అదే. పద్దెనిమిది, ఇరవై రోజులకు గోగు ఊరుతుంది. అప్పుడు మొలలోతు ఆ తారులో దిగి కాడకాడకూ నార ఒలవాలి. పిక్కలకు జలగలు. కాలివేళ్ళ సందులు ఒరిసి చీము. ఒలిచిన నార కామందు కొట్లోకి, అక్కణ్ణుంచి మిల్లుకు. ఉత్త పుల్లలు మాకు, పొయ్యిలోకి.

మరి తాగే నీళ్ళో? గట్టుకు రెండు బారల దూరంలో చెలమ తవ్వుకుంటాం. మట్టిలోంచి ఊరిన నీళ్ళు తేటగా ఉంటాయి. మట్టిని మించిన జల్లెడ లేదని మా అత్త నాకు చెప్పింది. నేను నా కోడలికి చెప్పాను.

అబద్ధమెందుకు, ఆ గోగు దగ్గర నాకో పెద్దరికం ఉండేది. ఊరిందీ లేనిదీ తేల్చేది నేను. కాడ మొదట్లో బొటనవేలితో నొక్కి జారిస్తే బెరడు ఎలా కదిలిందో చూసి రోజు చెప్పేదాన్ని. ఒక్క రోజు ముందు తీస్తే నార రాదు. మూడు రోజులు దాటితే ముద్దయిపోతుంది. కామందు తండ్రి నాటి నుంచీ నా వేలే. "దేముడమ్మ వేలికి తిరుగులేదు" అని నలుగురిలో అనేవాడు, ఏడాదికో పాత చీర పడేసేవాడు. ఆ చీర కట్టుకుని పేటంతా తిరిగేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు నా ఒంటి మీద నాకే కంపరం.

నా కొడుకు రాముడికి ఒక్కతే కూతురు, నీలవేణి. దాని తల్లి లక్ష్మణమ్మ, పిల్లకు ఆరేళ్ళప్పుడు, సరిగ్గా గోగు రోజుల్లోనే, వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. అమ్మవారి కోపమన్నాం, కోడిని కోశాం. రాముడు మళ్ళీ పెళ్ళాడలేదు. ఎవరేమన్నా తల దించుకుని "సిత్తం" అనే మనిషి వాడు. అలా పెంచింది నేనే. నీలవేణి మాత్రం తల్లి పోలిక. ఒక ప్రశ్న పట్టిందంటే జలగే.

అది పదో తరగతి. రైలు కట్ట వెంట నాలుగు మైళ్ళు నడిచి హైస్కూలుకు పోతుంది. గోగు రోజుల్లో దాని పక్కన ఎవరూ కూచోరు. "ఒసే గోగూ" అని పిలుస్తారట. ఏడుస్తుందేమోనని ఒకసారి అడిగాను.

"ఏడవడానికి ఏటున్నాది నాయనమ్మా? బెంచీ అంతా నాదే. పుస్తకాలు పరుసుకోడానికి బాగున్నాది" అంది.

ఈ ఏడు దసరా సెలవుల తర్వాత సైన్సు మేష్టారు ఒక గొట్టం యంత్రం తెచ్చి పిల్లలకు చూపించారు. మైక్రోస్కోపు అంటారట దాన్ని. మిగతా పిల్లలు ఉల్లిపొర చూసి ఇళ్ళకు పోయారు. ఇది మర్నాడు మా చెలమ నీళ్ళు సీసాలో పోసుకుని పట్టుకుపోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకాలు కూడా దించకుండా నీళ్ళ కుండ ఎత్తి వాకిట్లో కుమ్మరించింది. చీపురు తిరగేసి రెండు వేశాను.

"ఏటే, పిచ్చెక్కినాదా? తోడుకొచ్చిన నీలు పారబోత్తావా?"

"అవి నీలు కావు. పురుగులు. సుక్కడు నీలల్లో మన పేటంత మంది ఉన్నారు. తోకలున్నాయి, ఈదుతన్నాయి."

"మట్టి వడకట్టేత్తాదే."

"వడకట్టదు. మేష్టారిని అడిగినాను. అమ్మ ఎలాగ పోనాదో సెప్పి మరీ అడిగినాను. ఆ రోగం ఈ నీలల్లోంచే వస్తాదంట నాయనమ్మా."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. లక్ష్మణమ్మ ఆ రెండు రోజులూ దాహం, దాహం అంది. చెలమ నీళ్ళే పోశాను. ముంతమీద ముంత, తల ఒళ్ళో పెట్టుకుని, ఈ చేత్తోనే.

ఆనాటి నుంచి పిల్లకు ఒకటే ధ్యాస. పెద్దాసుపత్రుల్లో ఆ గొట్టం ముందు కూచుని, రక్తం చూసీ నీళ్ళు చూసీ రోగం పేరు చెప్పే ఉద్యోగం ఉందట. పది పాసై, ఇంకేదో చదువు చదివితే ఇస్తారట. అన్నం ముందు కూచున్నా అదే మాట, పుల్లలు ఏరుతున్నా అదే మాట. "మన రోగాల పేర్లు మనకే తెలవకపోతే ఎలాగ?" అనేది.

గోగు దిగిన వారానికి కామందు మా వాకిటికి వచ్చాడు. మూతికి అత్తరు రుమాలు. పోయినేడు నార నల్లబడింది. ఎందుకు నల్లబడిందో మా ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదు నేను. నా బొటనవేలు మొద్దుబారి రెండేళ్ళయింది, పెద్దరికం పోతుందని దాచాను. అంచనా మీద చెప్పి తప్పాను. కామందు పసిగట్టాడు.

"నీ వేలి పనైపోయింది దేముడమ్మా. నీ మనవరాల్ని దించు. నీ పక్కనుండి నేర్చుకుంటుంది. రేపట్నుంచి బడి మాన్పించెయ్."

"నాలుగు నెలల్లో పరీచ్చలున్నాయి బాబూ" అని రాముడు గొణిగాడు.

"పాసై ఏం చేస్తుందిరా, కలెక్టరు చేస్తుందా? మీ ఇళ్ళున్న నేల ఎవరిది?"

"తమరిదే బాబూ. సిత్తం."

"సిత్తం" అన్నాను నేను కూడా. అడక్కుండానే నా నోట్లోంచి వచ్చింది. ఏ కుళ్ళు నీళ్ళలోనూ అంత అసహ్యం లేదు.

గడప లోపల్నుంచి నీలవేణి "నాను రాను" అంది. కామందు నవ్వాడు. "పిల్లగుంటకు నోరొచ్చింది. నీళ్ళలో దిగితే అదే మూసుకుంటుంది" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం సుందరరావు వచ్చాడు. పక్క పేట బాప్టిస్టుల కుర్రాడు. జూట్ మిల్లులో పని, కూలి సంఘం మనిషి. మా సంగతి విని, చర్చిలో ప్రార్థన అయ్యాక సైకిలు మీద ఇటు వచ్చి, తవిటమ్మ పశువుల సాల ముందు అందరినీ కూచోబెట్టి, నీలవేణిని బందలో దించనివ్వొద్దన్నాడు. తవిటమ్మ మా పక్కింటిది, నోటికి జడిసి కుక్కలు కూడా ఆ వాకిట్లో మొరగవు.

ముందు సూరయ్య లేచాడు. నలుగురు పిల్లల తండ్రి. "రాముడి కూతురు సదువుకి మా కొంపలు పీకించుకోవాలా?"

"నీ కొంపలో ఏటున్నాది పీకడానికి? ఎలకలు కూడా ఎలిపోనాయి" అంది తవిటమ్మ.

అందరూ నవ్వారు. సూరయ్య నవ్వలేదు. "నవ్వండి. రేపు కామందు పొమ్మంటే ఈ నలుగుర్నీ ఏ సెట్టుకి యేలాడదియ్యను?"

అప్పుడు నీలవేణి లేచింది. పొయ్యిలో బొగ్గు తెచ్చి సాల గోడ మీద బొమ్మలు గీసింది. పొడుగువి, గుండ్రటివి, తోకలవి. గొట్టంలో చూసినవన్నీ, గోడ నిండా. పిల్లలు దగ్గరికి జరిగారు. సూరయ్య కూడా జరిగాడు.

"ఇయ్యి నిజంగా కదిలినాయా?"

"కదిలినాయి సిన్నాన్నా."

"మన సెలమలో?"

"మన సెలమలోనే."

సూరయ్య ఆ గోడ వంక చూశాడు. నలుగురన్నది ఇప్పటి లెక్క. ముందు ఆరుగురు ఉండేవాళ్ళు. ఆ ఇద్దర్నీ గోగు రోజుల్లోనే పాతిపెట్టాడు. గోడ మీద ఉమ్మి, వచ్చి కూచున్నాడు.

సుందరరావు అన్నాడు: "మా మిల్లులో సెయ్యి ఆపితే మెషీను ఆగిపోతాది. మీరు సెయ్యి ఆపితే ఇక్కడేటి ఆగుతాది?"

నేను లేచాను. నలభై ఏళ్ళు కామందుకు మాత్రమే చెప్పిన మాట మొదటిసారి మా వాళ్ళకు చెప్పాను.

"గోగు ఆగదు నాయనా. అదే మన బలం. ఊరిన రోజు కాడ్నుంచి మూడు రోజులు. నాలుగో రోజు అది నార కాదు, పేడ. కామందు తుపాకీ పెట్టినా కుళ్ళు ఆగదు. నా యేలు సచ్చిపోనాది, మీకాడ దాసినాను, తప్పే. నీలవేణి సూస్తాది. ఆ రోజు కామందుకి కాదు, ముందుగాల మీకు సెప్తాది."

"ఇన్నాళ్ళూ ఎవరి మనిసివే ముసిలీ?" అంది తవిటమ్మ.

"ఆడి మనిసినే" అన్నాను. నిజం కాబట్టి తల ఎత్తే అన్నాను.

రెండు మాటలు ఖాయం చేసుకున్నాం. బందలో ఇక గోగు పడకూడదు. బడికి పోయే పిల్లల్లో ఒక్కర్ని కూడా పనిలోకి లాగకూడదు.

పందొమ్మిదో రోజు పొద్దున నీలవేణి గట్టు మీంచి వంగి, ఒక కాడ లాగి, నేను నేర్పినట్టే వేలితో నొక్కి చూసింది. "ఊరినాది" అంది. పేటంతా గట్టు మీద కూచుంది. కామందు వచ్చాడు.

"ఊరిందా?"

"ఊరినాది బాబూ. ఒలిసేవాళ్ళు లేరు" అన్నాను.

తిట్టాడు. ఆ తిట్లు మీకు చెప్పను, నోరు కడుక్కోవాలి. మా రెండు మాటలూ సుందరరావు చెప్పాడు. కామందు రుమాలు తీయకుండానే విని వెళ్ళిపోయాడు.

రెండో రోజు మా పక్క వాగు, గెడ్డ అంటాం, దాని అవతల పేట నుంచి రెండు బళ్ళ నిండా ఆడవాళ్ళను దింపాడు. వాళ్ళ పెద్ద దాలమ్మ చీర ఎగ్గట్టి గట్టు దిగబోయింది.

"మాకు పని సెప్పినారు, వచ్చినాం. మీ గొడవ మాకేటి?" అంది.

తవిటమ్మ దారికి అడ్డం రాలేదు. ముంత అందించింది. "దిగండమ్మా, ఎవులొద్దన్నారు? దాహమేస్తే ఇయిగో మా నీలు. తాగేముందు ఆ సాల గోడకాడికెల్లి ఏటి తాగుతన్నారో సూసుకు రండి."

దాలమ్మ వెళ్ళి చూసింది. నీలవేణిని ఏవేవో అడిగింది. తిరిగొచ్చి ముంత కింద పెట్టింది.

"మా బందలో ఉన్నదీ ఈయన గోగే. మీది అయ్యాక మాది ఒలవమన్నాడు" అని మా పక్కన కూలబడింది. ఆమె వెంట వచ్చిన వాళ్ళంతా కూలబడ్డారు. ఖాళీ బళ్ళు వెనక్కు పోయాయి.

మూడో రోజు పొద్దున కామందు పోలీసు వ్యానుతో వచ్చాడు. ఈసారి గొంతులో తేనె. మా రాముడిని ఒక్కణ్ణే పిలిచాడు.

"ఒరే రాముడూ, నువ్వు నా మనిషివి. నీ కూతుర్ని బడికి పంపుకో. పరీక్ష రాయనీ. నేనే మాటిస్తున్నా, ఇనస్పెక్టరు గారి ముందు. నువ్వు ముందు దిగు, మిగతావాళ్ళు నీ వెనక దిగుతారు."

రాముడు దిగితే పిల్ల కోరిన చదువు పిల్లకు దొరుకుతుంది. సూరయ్య పిల్లలూ, దాలమ్మ పిల్లలూ మాత్రం అలాంటి చెలమ నీళ్ళే తాగుతారు. సూరయ్య రాముడి మొహంలోకి చూడలేక నేలచూపులు చూస్తున్నాడు. నీలవేణి పుస్తకాలు గుండెకు పట్టుకుని నిలబడింది. నేను మాట్లాడితే ఏ మాట వస్తుందోనని నాకే భయం.

రాముడు నీళ్ళ వంక చూశాడు. "దీని తల్లి ఈ నీలే తాగి పోనాది బాబూ" అన్నాడు.

"అదెప్పటి మాటరా. చిత్తం అను, దిగు."

"అనను."

"ఏమన్నావ్?"

"అనను బాబూ. నా కూతురొక్కద్దే బడికెల్తే సాలదు. గోగు తియ్యండి, మళ్ళీ పెట్టకండి."

నలభై ఏళ్ళ మనిషి నోట నేను విన్న మొదటి 'కాదు' అది.

పోలీసులు వాణ్ణీ, సుందరరావునూ రెక్కలు విరిచి వ్యాను ఎక్కించారు. ఆడవాళ్ళం లేచి చక్రాల ముందు కూచున్నాం. లాఠీలు ఆడాయి. తవిటమ్మ నుదురు చిట్లింది, దాలమ్మ చెయ్యి విరిగింది. నీలవేణి వ్యాను వెనక పరిగెత్తింది. రాముడు వ్యాను కమ్మీలకు మొహం ఆనించి కేకేశాడు.

"నా ఎనకాల ఎందుకే? బడికి ఏళైపోతన్నాది. నడు."

అది కట్ట వెంట నడిచింది. ఒక్కతే పోలేదు. సూరయ్య తన పెద్ద కూతురి చెయ్యి పట్టుకుని దాని వెనక నడిచాడు. ఆ పిల్ల అంతవరకూ బడి మొహం చూడలేదు.

నాలుగో రోజు కామందు తనే గట్టు దిగి, వంగి, ఒక కట్ట పట్టుకు లాగాడు. మోచేతి దాకా జిగట వచ్చింది, నార రాలేదు. చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు. ఆ చేతిని మేమంతా గట్టు మీంచి చూస్తూ ఉండిపోయాం. ఆ కంపు మేము పుట్టినప్పటి నుంచీ మాది. ఆయనకు మొదటి రోజు.

ఇప్పుడు రాముడూ, సుందరరావూ దొమ్మీ కేసులో జైల్లో ఉన్నారు. ఇళ్ళు పీకుతామని కబురొచ్చింది, పీకడానికి ఇంకా ఎవరూ రాలేదు. దాలమ్మ వాళ్ళ బందలో గోగు అలాగే కుళ్ళింది. గెడ్డ పొడుగునా అయిదు పేటలు వచ్చే కార్తీకానికి బందలోకి దిగేది లేదని చెప్పేశాయి. నీలవేణికి పరీక్షలు ఇంకా రావలసే ఉన్నాయి. పాసవుతుందో లేదో నేను చెప్పలేను. పొద్దున్నే లేచి చదువుతోంది, అది చెప్పగలను.

మీరు మిల్లు గేటు దగ్గరా, హాస్టళ్ళలోనూ ఇది చెప్పండి నాయనా. గోడ మీది పురుగుల సంగతి చెప్పండి, రాముడు అన్న మాట చెప్పండి. చెప్పేటప్పుడు ముసలమ్మ కదా అని నన్ను మంచి చేయకండి. నలభై ఏళ్ళు వాడి చీర కట్టుకుని తిరిగానని, కోడలికి ఆ నీళ్ళు పోసింది నేనేనని, ఎవరూ అడక్కుండానే సిత్తం అన్నానని కూడా చెప్పండి. అది వదిలేస్తే, వినేవాళ్ళలో నాలాంటి మనిషికి తన సంగతే చెబుతున్నారని తెలియదు.