గుడ్డి గుర్రం చివరి రెండాకులు

మా తమ్ముడితో ఏ ఊరెళ్లినా కోటలూ కొండలూ తర్వాత, ముందు అక్కడి చిన్న పుస్తకాల కొట్టు చూడాలి. వాడు చదివే రకమేమీ కాదు. వాడు తన మీదున్న ఒక నింద పోగొట్టుకోవాలి, అంతే.

నా ఆరో ఏట మా పెద్దక్క ఒక కథల పుస్తకం ముందు పెట్టి నాకు చదవడం నేర్పింది. నేను బడిలో చదివింది మూడు తరగతులే, మిగతా చదువంతా ఆ పుస్తకమే. ఒక ముసలి బండివాడు, వాడి గుడ్డి గుర్రం, వానలో చేర్చాల్సిన ఒక ఉత్తరం. అట్ట ముందునుంచీ లేదు. తీరా కథ చివరికొచ్చేసరికి రెండాకులు కూడా లేవు.

"చిన్నాడు చింపేశాడే," అంది పెద్దక్క. "నేను ముందే చదివాన్లే. గుర్రం క్షేమంగా ఇల్లు చేరింది."

నాలుగేళ్ల తమ్ముడికి నాన్న చేతిలో రెండు దెబ్బలు పడ్డాయి. ఆనాటినుంచి వాడు మాకు చింపుళ్ల దొర. వాడి పెళ్లిలో కూడా పెళ్లికూతురి చెవిలో చెప్పాను, కాగితాలు దాచుకోమ్మా అని.

"ఆ పుస్తకం నీ చేతిలో పెడితేగాని నీ నోరు మూతపడదు చిన్నక్కా," అంటాడు వాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక అదే పని పెట్టుకున్నాడు. పెద్ద కొట్లలో పుస్తకం పేరడిగి, తెలియదంటే మా వెనకవాళ్లను పిలుస్తారు. చిన్న కొట్లలో కూర్చోమంటారు.

మొన్న ఆగిన కొట్టు ఒకప్పుడు దర్జీదట. నిలువుటద్దం ఇంకా అక్కడే ఉంది, ఉన్న పుస్తకాలు రెండింతలుగా కనబడతాయి. కొట్టావిడ ఒక పాత పుస్తకం వీపుకు జిగురు రాస్తోంది.

"పేరు తెలీదమ్మా," అన్నాడు తమ్ముడు నసుగుతూ.

"పేర్లు నేనూ మర్చిపోతాను. కథ చెప్పండి," అని ఆవిడ స్టూలు ఇటు జరిపింది.

నన్ను కథ చెప్పమంటే ఇంకేముంది. మొదటి మాట నుంచి అందుకున్నాను. బండి చక్రం బురదలో దిగబడే చోటికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి తుడుచుకుని నిచ్చెనెక్కింది. పై అరలోంచి సన్నటి పుస్తకమొకటి తీసి, దుమ్ము దులిపి, నా ఒళ్లో పెట్టింది. ఆకులన్నీ ఉన్నాయి.

చివరి రెండూ చదివాను. గుర్రం ఉత్తరం చేర్చింది. ఇల్లు మాత్రం చేరలేదు.

అక్కడే కూర్చుని, తమ్ముడికీ వినబడేలా స్పీకరు పెట్టి ఫోను చేశాను.

"పెద్దక్కా, గుర్రం చచ్చిపోయింది."

"దొరికిందా," అంది. "ఆ ఆకులు చింపింది నేనేనే. అంతకు ముందు వారమే పిల్లి పోయిందని నువ్వు మూడు రోజులు అన్నం ముట్టలేదు. మళ్లీ ఆ గొడవెందుకని పొయ్యిలో పెట్టేశాను."

"మరి నా వీపు?" అన్నాడు తమ్ముడు, నా చేతిలో ఫోను లాక్కుని.

"నాలుగేళ్లవాడివి, మర్చిపోతావనుకున్నానురా. ఈ మహాతల్లి మర్చిపోనిస్తేగా."

వాడు పెద్దక్కను నాలుగు దులుపుతాడనుకున్నాను. ఫోను పెట్టేసి నా వైపు చూశాడు. మనవలున్నదాన్ని, కాగితం గుర్రం కోసం ఏడుస్తున్నాను. వాడు నా కళ్లజోడు తీసుకుని చొక్కా అంచుతో తుడిచాడు.

"నేనైనా చింపేవాణ్ణే చిన్నక్కా."

"అయితే ఆ దెబ్బలు వృథా పోలేదులే," అన్నాను. నిచ్చెన పక్కన నిలబడ్డ కొట్టావిడ నవ్వేసింది.

నింద పోయింది కదా, ఇంకా ఈ కొట్లెందుకురా అని తర్వాతి ఊళ్లో అడిగాను. వాడు కారు ఆపి నా వైపు తలుపు తీశాడు.

"దిగు. వీళ్ల దగ్గరా స్టూలుందేమో చూద్దాం."