ఆల్చిప్పల నీళ్లు

చెరువు ఆల్చిప్పల్ని పొడి చేసి, మిరియపు గింజంత తగరపు గిన్నెల్లో తూచి, పట్టకారుతో మూతి ముడిచి, ట్రేలో ఏడాదుల వారీగా పేర్చడం తూకం అక్క పని. తుమ్మితే పొడి ఎగిరిపోతుందని జలుబు చేసిన రోజు ఆమె ల్యాబ్ గడప తొక్కేది కాదు. చిప్పలో ఉండే నైట్రోజన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలు. చెరువులో మురుగు కలిస్తే చిప్పలో బరువుది పెరుగుతుంది. ఎంత పెరిగిందో యంత్రం చెబుతుంది.

ఆల్చిప్పలు మాత్రం యంత్రం కోసం ఆగేవి కావు. పొడి చెయ్యగా మిగిలినవి ఏడాదికో సొరుగులో పడుకునే, తాము బతికిన సంవత్సరపు చెరువు నీళ్లు కార్చేవి. దాన్నెవరూ వింతగా చూడలేదు. ఊడ్చే ఆయన మాత్రం తుడవలేక నడుం పోతోందని సణుక్కుంటూ ఒక్కో సొరుగు కింద ఒక్కో డబ్బా పెట్టాడు.

గట్టు మీది రంగుల ఫ్యాక్టరీ ఇంకో షెడ్డు కట్టాలంటే ల్యాబ్ రిపోర్టు కావాలి. అంకెలేమో ఫ్యాక్టరీ వచ్చిన ఏడాది నుంచే బరువెక్కాయి. ల్యాబ్ డైరెక్టర్ తూకం అక్కను పిలిచి వెన్న రాసినట్టు మాట్లాడారు. ట్రేను తిప్పి పెట్టడం ఈ పనిలో ఎవరైనా చేసే పొరపాటేనన్నారు. అలా జరిగిందని ఒక్క సంతకం పెడితే వరస తలకిందులై, చెరువు ముందే పాడైందని, ఇప్పుడు బాగుపడుతోందని తేలుతుంది. అందుకు ఆమె పదకొండేళ్ల టెంపరరీ ఉద్యోగం పర్మనెంటవుతుంది.

ఒక్క సంతకమేగా అన్నాడు ఇంట్లో మొగుడు కూడా. ఆమెకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లలో ఒక్క ట్రే తప్పు పెట్టలేదు, చెయ్యని తప్పు నెత్తినేసుకోవడమేమిటని ఆ పూట అన్నం కూడా తినలేదు.

షెడ్డుకి అనుమతి ఇవ్వాలా వద్దా అన్న విచారణకి రిటైరైన జడ్జి ఒకావిడ వచ్చింది. ట్రే తిరగబడిందని డైరెక్టర్ చెబుతుండగానే తూకం అక్క రెండు డబ్బాలు తెచ్చి రెండు గ్లాసుల్లో ఒంపింది. ఒకటి ఫ్యాక్టరీ రాకముందు చిప్పలది, రెండోది నిరుటి చిప్పలది.

"చెరువు బాగుపడుతోందన్నారుగా సార్. పాతవి నేను తాగుతా, నిరుటివి మీరు తాగండి. తాగారంటే ఇక్కడే సంతకం పెడతా."

తన గ్లాసు గటగటా ఖాళీ చేసింది. డైరెక్టర్ దాహంగా లేదన్నారు. జడ్జి రెండో గ్లాసు అందుకుని, వాసన చూసి దూరంగా జరిపింది.

"నువ్వు సరిగ్గానే పేర్చావమ్మా" అని ఫైలు మూసేసింది.

షెడ్డుకి అనుమతి రాలేదు. ఆమెకు పర్మనెంటూ రాలేదు. వారం తిరక్కుండానే డైరెక్టర్ ఆమె బల్ల దగ్గరికొచ్చి, రేపట్నుంచి రానక్కర్లేదన్నారు.

"పోతాను సార్, ఈ ట్రే అయ్యాక. సగంలో వదిలేస్తే, మిగతా సగం ఎవరు పేర్చినా తప్పు నాదే అంటారు."

ఆమె యాభై మూడో గిన్నె తీసి తూచడం మొదలుపెట్టింది.