తొమ్మిదో అంతస్తులో కబుర్లు

ముప్పై మూడేళ్ళ కిందట టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ తొమ్మిదో అంతస్తు తగలబడి పదిహేడు మంది ఆపరేటర్లు చనిపోయారు. ఆ భవనం కూల్చేశాక ఖాళీగా పడి ఉన్న స్థలంలో వాళ్ళ జ్ఞాపకార్థం నలభై అంతస్తుల భవనం కట్టాలని ఇన్నాళ్ళకు నిర్ణయించారు. అందులో తొమ్మిదో అంతస్తు మొత్తం బయటికి తెరిచి ఉండే తోట. ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా కూర్చోవచ్చు.

డిజైన్ పోటీలో గెలిచింది ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె భవనాలు గీస్తుంది, చిన్నామె తోటలు వేస్తుంది. ఇంట్లో వంటింటి గట్టు దగ్గర మొదలైన వాదన ఆఫీసులో బల్ల దగ్గర ముగియడం వాళ్ళకు మామూలే.

పెద్దామె ఆ తోటకు మౌనవనం అని పేరు పెట్టుకుంది. నల్లరాతి ఆసనాలు, ఒక్కో దాని మీద ఒక్కరే కూర్చునేలా, అన్నీ పడమర ముఖంగా. మధ్యలో కదలని నీళ్ళు. చూపుకు అడ్డమని చెట్లు కూడా వద్దంది. చిన్నామె రెండుసార్లు గొణిగి ఊరుకుంది.

అట్ట నమూనా తయారయ్యాక, ఆ మంటల్లోంచి బతికి బయటపడ్డ ఆరుగురినీ చూడ్డానికి పిలిచారు. వచ్చింది ఒక్కరే. అరవై ఆరేళ్ళ మనిషి. పక్కింటివాళ్ళు తలుపు తట్టినా "హలో" అనే పలుకుతుందని అందరూ ఆమెను హలోగారు అంటారు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని నమూనా మీదికి వంగింది. ఆసనాల మీద వేలెడంత కూడా లేని అట్ట మనుషులు ఎవరికి వారే కూర్చుని ఉన్నారు.

"వీళ్ళంతా పోట్లాడుకున్నారా అమ్మాయ్?"

"లేదండీ. మౌనంగా తమలోకి తాము చూసుకుంటున్నారు," అంది పెద్దామె.

"మేం రోజుకి ఎనిమిది గంటలు మాట్లాడేవాళ్ళం. ట్రంక్ కాల్స్ కలుపుతూ కలుపుతూనే మధ్యలో మా కబుర్లు. సూపర్‌వైజర్ అరిచేది, అయినా ఆగేవాళ్ళం కాదు." హలోగారు ఒక అట్ట మనిషిని తీసి ఇంకొకరి పక్కన పెట్టింది. "ఆ హాల్లో నిశ్శబ్దం నేను ఒక్కసారే విన్నాను. మంటలు ఆర్పాక."

కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "టీ ఏమైనా ఉందా?" అని అడిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతూ పెద్దామె ఉడికిపోయింది. "రెండేళ్ళు కష్టపడి గీశాను. తోటలోకొచ్చి సొల్లు కబుర్లు చెప్పుకుంటారా?"

"అక్కా, పెళ్ళై వచ్చి పదకొండేళ్ళయింది. నువ్వు మౌనంగా ఉండగా నేను ఒక్కసారి కూడా చూళ్ళేదు," అంది చిన్నామె.

పెద్దామె దుప్పటి అంచు పట్టుకుని, వద్దనుకుంటూనే నవ్వేసింది.

తొమ్మిదో అంతస్తు గాలిలో మాటలు వినపడతాయో లేదో చూద్దామని, మర్నాడు పక్క భవనంలో అదే ఎత్తున ఉన్న డాబా మీదికి రెండు కుర్చీలు మోయించారు. హలోగారిని ఒకదాంట్లో కూర్చోబెట్టి, పెద్దామె ఎదురుగా కూర్చుంది. గాలి చెంపలు వాయించింది.

"మీకు మోకాళ్ళ నొప్పులున్నాయా?" అని పెద్దామె అడిగితే, "నాకెందుకమ్మా మొక్కజొన్న పొత్తులు?" అంది హలోగారు.

ఇక చిన్నామెకు పట్టపగ్గాల్లేవు. నర్సరీ నుంచి నడుమెత్తు కుండీలు తెప్పించి, దట్టమైన పొదలను గాలి వచ్చే పడమటి వైపు ఒక వరసగా పెట్టించింది. చాల్లేదు. రెండు వరసలు చేసింది. కుర్చీలు ముందుకీ వెనక్కీ జరిపించింది. మధ్యాహ్నానికి ఆరోసారి సర్దారు. గాలి పొదల మీంచి దాటిపోయింది.

"ఇప్పుడు ఏదైనా మాట్లాడండి, మామూలు గొంతుతో," అంది పెద్దామె.

హలోగారు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నా పక్క సీటు పిల్ల నా చెయ్యి పట్టుకుని మెట్లదాకా లాక్కొచ్చింది. నన్ను కిందికి తోసి, ఇంకెవరో దగ్గుతున్నారే అని మళ్ళీ లోపలికెళ్ళింది. అంతే. ఇది మా పిల్లలకి కూడా చెప్పలేదు."

ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. పెద్దామె కుర్చీ దగ్గరకు జరిపి కూర్చుంది. చిన్నామె ముక్కు ఎగపీల్చి, కుర్చీల కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గుర్తులు గీసింది.

స్మారక సంఘం అధ్యక్షుడు కొత్త నమూనా చూసి నొసలు ముడిచాడు. ఎదురెదురు బెంచీలు, మధ్యలో పొదలు, అక్కడక్కడా చిన్న చెట్లు.

"స్మారకమంటే గంభీరంగా ఉండాలి కదండీ. ఇది పార్కులా ఉంది."

"పేర్లు చెక్కిన గోడ దగ్గర ఒక మూల మౌనంగా కూర్చునేవాళ్ళ కోసమే ఉంచాం," అంది పెద్దామె. "మిగతాదంతా మాటలకి. వాళ్ళు చేసిన పని అదే కదండీ." తరువాత గంటన్నర వాదించింది. చిన్నామెకు నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు. చివరికి అధ్యక్షుడు అలసిపోయి సంతకం పెట్టాడు.

భవనం పూర్తి కావడానికి నాలుగేళ్ళు పట్టింది. తెరిచే రోజుకి హలోగారు మిగిలిన ఐదుగురికీ ఫోన్లు చేసి, రానన్నవాళ్ళకు మళ్ళీ మళ్ళీ చేసి, అందరినీ లాక్కొచ్చింది. ఆరుగురూ ముందు గోడ దగ్గర నిలబడి పదిహేడు పేర్లూ పైకి చదివారు. ఒకామె ఏడ్చింది. తరువాత బెంచీల మీద చేరారు.

రెండు గంటలైనా లేవలేదు. తోడికోడళ్ళిద్దరూ పొద అవతల కూర్చుని చెవులు రిక్కించారు. లోపల పెద్ద గొడవే నడుస్తోంది. అప్పట్లో విశ్రాంతి గదిలోంచి సూపర్‌వైజర్ గారి నీలం గొడుగు ఎత్తుకెళ్ళింది ఎవరన్నది తేలడం లేదు.

"నేను కాదు. నాకు అప్పుడు రెయిన్‌కోటు ఉండేది," అంటోంది హలోగారు.

పక్క బెంచీ మీద పుస్తకం చదువుకుంటున్న ఒకాయన, ముక్కూ మొహం తెలియని మనిషి, పుస్తకం మూసి వాళ్ళ వైపు జరిగాడు.

"ఇంతకీ గొడుగు దొరికిందాండీ?" అని అడిగాడు.

ఆరుగురూ జరిగి ఆయనకు చోటిచ్చారు.