ఓబులేసు కొట్లో పలకరింపు

సువార్తమ్మకు పెళ్లయి నాలుగేళ్లయినా మొగుణ్ణి నలుగురిలోకి తీసుకుపోవాలంటే గుండె దడే. అబ్రహాము ఆళ్లగడ్డలో కాలిపోయిన పంపుసెట్టు మోటార్లకు రాగితీగ చుడతాడు. పనికి వంక పెట్టేవాడు లేడు, మాటలతోనే చిక్కు. శిరివెళ్లలో ఆమె అన్న కొత్త ఇల్లు చూపించి "ఎట్లుంది బావా?" అంటే, "వంటింట్లో పొగ పోయే దారి లేదు, దగ్గు వస్తాది" అన్నాడు. వదిన ముఖం మాడిపోయింది. సువార్తమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

1981 ఎండాకాలంలో తీగ కొనడానికి అతను నంద్యాల పోతుంటే, చీర తీసుకుందామని తనూ బయల్దేరింది. ముందు ఓబులేసు అనే మోటార్ల మేస్త్రీ కొట్టుకు పోయారు. కొత్త మనిషి కదా అని మర్యాదకు ఆమే పలకరించింది.

"ఏమన్నా, ఇంట్లో అందరూ బాగుండారా?"

ఓబులేసు చేతిలో తీగ కింద పెట్టి ఆలోచించాడు. "అందరూ లేదక్కా. మాయమ్మకు మోకాళ్ల నొప్పి. చిన్నోనికి గజ్జి. నేను బాగుండా."

ఆమె నవ్వేసింది.

"ఎందుకు నవ్వినావక్కా?" కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు.

ఆమె కొంగు సర్దుకుంది. ఈలోగా అబ్రహాము అక్కడున్న మోటారు ముందు కూర్చున్నాడు.

"ఎన్ని చుట్లు?"

"అరవై రెండు."

"అరవై సాలదా?"

"సాలదు. వేడెక్కుతాది. ఇంక మాట్లాడొద్దు, లెక్క తప్పుతాది."

అబ్రహాము తలూపి ఊరుకున్నాడు. అదే మాట సువార్తమ్మను ఎవరైనా అనుంటే మూడు రోజులు అలిగేది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మాట మధ్యలో ఆగిపోయినా ఎవరికీ ఇబ్బంది లేదు. రెండు గంటలు అట్లా గడిచాయి. ఆ కొట్లో మాట్లాడడం చేతకానిది తనకేనని తోచి ఆమెకు విచిత్రంగా అనిపించింది.

తిరుగు బస్సులో అడిగింది. "ఆయప్పతో అంత బాగా ఎట్ల మాట్లాడినావు?"

"ఆయప్పకు ఏం కావాలో అదే అడుగుతాడు. నువ్వు ఒకటి అడుగుతావు, నీకు ఇంకోటి కావాల్సుంటాది."

"అందరూ అంతే కదా. మాట వెనకాల ఇంకో మాట ఉంటాది."

"అది నీకెట్ల తెలుస్తాది?"

శిరివెళ్ల వచ్చేదాకా ఆలోచించింది. ముఖం చూసి తెలుస్తుందా? గొంతు సాగదీస్తే తెలుస్తుందా? ఎవరూ నేర్పలేదే!

"ఏమో. తెలుస్తాదంతే."

"నాకు తెలియదంతే."

ఆమె అతని వైపు తిరిగింది. "సరే, ఇప్పుడు నాకు కావాల్సిందే అడుగుతా. నేను అన్నం తినేటప్పుడు రోజూ లేచి బయటికి పోతావు. ఈ పొద్దు పోవద్దు. పక్కన కూర్చో."

"ఎంతసేపు?"

"నేను చెయ్యి కడుక్కునేదాకా."

"సరే."

ఇంటికొచ్చాక అన్నట్టే కూర్చున్నాడు, గోడకేసి చూస్తూ. రెండు ముద్దలు తిని ఆమె ఆగింది.

"ఇన్నాళ్లూ ఎందుకు పోతాంటివి?"

"ఎవరన్నా చూస్తాంటే నాకు ముద్ద దిగదు. నీకూ అంతేనని బయట నిలబడతాంటి, దోమలు కుడతాన్నా."

నాలుగేళ్లుగా తనంటే మొగుడికి లెక్కలేదనుకుంది సువార్తమ్మ. మాట వెనకాల మాటలన్నీ తెలిసిన తనకు ఇదొక్కటీ తెలియలేదు.

"నాకు పక్కన ఎవరూ లేకపోతేనే దిగదు" అంది మెల్లగా.

"అట్లనా!" అబ్రహాము గోడ మీంచి చూపు తిప్పి ఆమె కంచం కేసి చూశాడు. "ఎందుకు?"

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.