గడియారం చేతులు మారిన రోజు

లిఫ్టులు బాగుచేసే ఆయనకి ఇద్దరు పిల్లలు. ఇద్దరూ బడికి వెళ్ళరు. మూడో అంతస్తులో వాళ్ళ ఇల్లు, ఆ ఇంట్లో వంటగది బల్లే వాళ్ళ బడి. పొద్దున టిఫిన్ ప్లేట్లు తీసేసి తడిగుడ్డ పెట్టి తుడిస్తే బడి తెరిచినట్టు. మళ్ళీ మధ్యాహ్నం గిన్నెలు పరిస్తే బడి వదిలినట్టు.

పంతులమ్మ వాళ్ళమ్మే. ఆవిడ ఒకప్పుడు మ్యూజియంలో పగిలిన పాతకుండలు అతికించే పని చేసేది. పెద్దపిల్ల కోసం ఆ పని మానేసింది.

పెద్దపిల్లకి పదకొండేళ్ళు. ఇంట్లో అందరూ గువ్వ అంటారు. మాట్లాడేటప్పుడు మొదటి అక్షరం దగ్గర నాలుక పట్టేస్తుంది. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. బడిలో మాత్రం పాఠం చదవమని లేపినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు తనలాగే తడబడి చూపించి నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకి చదవడం మానేసింది. తర్వాత పిలిస్తే పలకడం కూడా మానేసింది. అప్పుడే వాళ్ళమ్మ, "ఇంక చాలు, ఇంటికి పద" అని సంచీ సర్దేసింది. తమ్ముడికి ఏడేళ్ళు, వాణ్ణి పిడుగు అంటారు. "అక్క వెళ్ళని బడికి నేనెందుకు వెళ్తాను?" అని గుమ్మంలో బైఠాయించి వాడూ ఇంట్లోనే ఉండిపోయాడు.

ఈ ఏర్పాటు నచ్చనిది నాయనమ్మ ఒక్కదానికే. "పిండి ముద్దల మీద బొమ్మలు అచ్చేస్తే చరిత్ర వస్తుందా? బకెట్టుకి తాడు కట్టి లాగితే లెక్కలు వస్తాయా?" అని కిటికీ పక్క కుర్చీలోంచి అంటూనే ఉండేది. అంటూనే, బకెట్టు పైకి లాగుతున్నప్పుడు మెడ సాచి చూసేది.

ఆ వేసవంతా గువ్వ ఒక ఆట తయారుచేసింది. నాన్న పనిచేసే చోట పారేసిన చెక్కపెట్టెలోంచి ఒక పలక తెచ్చుకుని, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసింది. కొండలో పుట్టి సముద్రంలో కలిసే ఏరు ఒకటి దాని మీద గీసింది. ఏటి పొడుగునా గళ్ళు. ఒక గడిలో వరద వస్తే వెనక్కి పోవాలి. ఒక గడిలో విత్తనం మొలకెత్తితే పావు అక్కడే ఒక పంట కాలం ఆగాలి. రాత నేర్చుకున్న గడిలో పడితే ఒక్క గెంతు ముందుకి. ఎద్దు, పడవ, కుండ, కుక్క, ఈ నాలుగు పావులూ తనే మట్టితో చేసి కాల్చింది. ఆడిన ప్రతిసారీ పిడుగు వరద గడిలో పడి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు.

ఒక శనివారం వాళ్ళమ్మ పిల్లల ముందు రెండు ఖాళీ బుట్టలు పెట్టింది.

"డబ్బు పుట్టకముందు జనం ఎలా బతికారో ఇవాళ చూద్దాం. మీ వస్తువులు కొన్ని బుట్టలో వేసుకోండి. వీధిలో వాళ్ళకి చెప్పి ఉంచాను. ఒకటిచ్చి ఒకటి తీసుకోవాలి, డబ్బు ముట్టుకోకూడదు. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఇద్దరూ సంతోషపడితేనే బేరం కుదిరినట్టు."

గువ్వ ఎదురింటి మామ్మగారి దాకా వెళ్ళి, రంగుకాగితం పువ్వులిచ్చి, సైగలతోనే ఒక కత్తెర తెచ్చుకుంది. అంతకంటే దూరం వెళ్ళలేదు. పిడుగు మాత్రం మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. భోజనాల వేళకి పెద్ద సీసా నిండా బొత్తాలు గలగలలాడించుకుంటూ వచ్చాడు. ఎర్రవి, నల్లవి, ముత్యాల్లాంటివి.

"ఇన్నా! ఏమిచ్చావురా?" అంది అమ్మ.

"పాడైపోయిన గడియారం."

"ఏ గడియారం?"

వాడు నాయనమ్మ గదివైపు చూపించాడు. తాతయ్య బతికున్నప్పుడు మంచం పక్కన పెట్టుకున్న, కీ ఇచ్చే గడియారం అది. ఆయన పోయిన కొన్నాళ్ళకి అదీ ఆగిపోయింది. నాయనమ్మ దాన్ని అల్మరాలో చీరల మధ్య దాచుకుంది.

"నాయనమ్మే అంది కదా, అది ఎందుకూ పనికిరాదని!" అన్నాడు పిడుగు. అందరి మొహాలూ చూసేసరికి వాడి గొంతు సన్నబడింది.

"నేనంటే అన్నాను," అంది నాయనమ్మ గుమ్మంలోంచి. "నిన్ను పట్టుకుపొమ్మని అన్నానట్రా?" గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అందరికీ.

నాన్న చొక్కా వేసుకోబోయాడు. "పాఠం పాఠం అని చివరికి మా అమ్మని ఏడిపించావు," అన్నాడు భార్యతో, మెల్లిగానే. తప్పు తనదేనని ఆవిడకీ తెలుసు. వాడు బుట్టలో ఏం వేసుకున్నాడో ఒక్కసారి చూసుంటే సరిపోయేది. చెప్పుల కోసం వంగింది.

అప్పటికే గువ్వ చెప్పులు తొడుక్కుని నిలబడి ఉంది. ఒక చేత్తో బొత్తాల సీసా, ఇంకో చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

అమ్మ వెనకే వెళ్ళబోతే నాన్నే ఆపాడు. "ఉండు. వెళ్ళనీ."

కింద, బొత్తాలిచ్చిన దర్జీ అత్త కుట్టు మిషను మీద వంగి ఉంది. పిడుగు జరిగిందంతా ఏకరువు పెట్టాడు. ఆవిడ నాలుక కరుచుకుంది. "అయ్యో నాయనా, అది నా దగ్గర లేదే! సెలూన్ ఆయనకిచ్చి ఈ అద్దం తెచ్చుకున్నాను." గోడకి ఆనించిన నిలువుటద్దంలో అక్కాతమ్ముళ్ళిద్దరూ కనిపించారు. తమ్ముడి ముక్కు కారుతోంది. "బొత్తాలు ఉంచుకోండి. ఆయన్నడిగి చూడండి, మంచివాడే."

సెలూన్ వీధి మలుపులో ఉంది. లోపల ఇద్దరు పెద్దవాళ్ళు వంతు కోసం కూర్చున్నారు. కుర్చీ మీద వేసిన పీట మీద ఒక చిన్నపిల్లాడు కత్తెర చూసి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాడి నాన్న వాడి తల పట్టుకోలేక చెమటలు కక్కుతున్నాడు. గోడకున్న దువ్వెనల అర మీద గడియారం. టిక్కు టిక్కుమంటోంది.

"నడుస్తోంది!" అన్నాడు పిడుగు.

"లోపల దుమ్ము పట్టింది, అంతే. ఊది కాస్త నూనె చుక్క వేశాను," అన్నాడు సెలూన్ ఆయన గర్వంగా. "ఎంత బాగుందో చూడు, నా కొట్టుకే కళ వచ్చింది."

పిడుగు సీసా ముందుకు చాపాడు. ఆయన నవ్వాడు. "బొత్తాలు నేనేం చేసుకోను బాబూ? నేను కత్తిరించేది జుట్టు, చొక్కాలు కాదుగా!"

కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళ నవ్వులో చెడ్డ ఉద్దేశం లేదు గానీ, పిడుగు సీసాని గుండెలకి హత్తుకున్నాడు. అక్క వెనక్కి నక్కాడు. గువ్వ చెవులు ఎర్రబడ్డాయి. తలుపు రెండడుగుల దూరంలోనే ఉంది. వెళ్ళిపోవచ్చు. నాన్న వస్తాడు, మాట్లాడతాడు.

"మా... మా... మావయ్యా," అంది గువ్వ.

ఆయన కత్తెర ఆపాడు. తొందరపెట్టలేదు, మాట అందించలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాడు.

"అది మా తా... తాతయ్యది. మా నాయనమ్మ ఏ... ఏడుస్తోంది. మీకు ఏం కా... కావాలి?"

ఆయన తలెత్తి గడియారం వైపు చూశాడు. "ఊరికే ఇచ్చెయ్యనా?"

గువ్వ తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ సంతోషపడాలి. అమ్మ చెప్పిన షరతు అది.

"సరే అయితే," అన్నాడాయన, కుర్చీలో రాగం తీస్తున్నవాణ్ణి చూపిస్తూ. "ఆదివారం వస్తే ఇలాంటివాళ్ళు అరడజనుమంది పోగవుతారు. వీళ్ళ నోరు మూయించే మందేదైనా ఉంటే తెచ్చిపెట్టు తల్లీ, గడియారం పట్టుకెళ్ళు!"

ఆయన వేళాకోళానికే అన్నాడు. గువ్వ మాత్రం తమ్ముణ్ణి అక్కడే కూర్చోబెట్టి ఇంటికి పరుగెత్తింది. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా పలకా పావులూ తీసుకుని మళ్ళీ దిగిపోయింది.

బెంచీ మీద పలక పెట్టి, ఏడుస్తున్న పిల్లాడి చేతిలో మట్టికుక్కని పెట్టింది. వాడు ఏడుపు ఆపి దాని తోక తడిమి చూశాడు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఆట ఎలా ఆడాలో చెప్పాలి. రాసి చూపించడానికి వాడికి చదవడం రాదు. గువ్వ చెప్పింది. కొండ, ఏరు, విత్తనం, వరద. కొన్ని మాటలు తేలిగ్గా వచ్చాయి. 'వరద' దగ్గర చాలాసేపు ఆగిపోయింది. అంతసేపూ వంతు కోసం కూర్చున్న ఒకాయన ముందుకు వంగి, "ఊఁ, ఆ గడిలో పడితే?" అన్నాడు. ఆయనకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఎద్దు పావు అప్పటికే ఆయన చేతిలో ఉంది.

పిల్లాడు కుక్కని పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు, కదలకుండా. జుట్టు కత్తిరించడం అయిపోయింది. సెలూన్ ఆయన చేతులు దులుపుకుని గడియారం దించి, గువ్వ చేతుల్లో పెట్టాడు.

"ఈ పలక ఇక నాదేగా?"

గువ్వ దానివైపు ఒకసారి చూసింది. ఏటి నీలం రంగు కుదరడానికి ఎన్నిసార్లు కలిపిందో తనకే తెలుసు. "మీదే," అంది. ఆ మాట మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది.

ఇంటికి తెచ్చాక నాయనమ్మ గడియారాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది. తర్వాత, "ఏమిచ్చి తెచ్చావే?" అంది. పిడుగు చెప్పాడు. ఆవిడ చివాలున లేచింది.

"ఆ పలకా? వేసవంతా నడుం వంచి చేసుకున్నదా? పద, ఇది వాడి మొహాన కొట్టి నీ పలక తెచ్చుకుందాం!"

"వద్దు నాయనమ్మా. బే... బేరం అయిపోయింది. నేను మాటిచ్చాను."

నాయనమ్మ ఏదో అనబోయి, మనవరాలి మొహం చూసి ఊరుకుంది. ఆవిడ అలా ఊరుకోవడం కోడలు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. "నాదే పొరపాటత్తయ్యా," అంది కోడలు. "సర్లే, నీళ్ళు తాగు, మొహం చూడు ఎలా అయిపోయిందో," అంది అత్తగారు.

రాత్రి భోజనాల దగ్గర, ఇవాళ ఏం నేర్చుకున్నావని నాన్న అడిగితే పిడుగు నిట్టూర్చాడు. "బొత్తాలు ఎవరికీ అక్కర్లేదు నాన్నా. డబ్బెందుకు కనిపెట్టారో నాకు బాగా తెలిసింది." అమ్మకి నవ్వొచ్చి పొలమారింది.

మరుసటి ఆదివారం సెలూన్ ఆయన కబురంపాడు. రెండు పావులు ఒకే గడిలోకి వస్తే ఎవరు ముందు కదలాలో తెలియక కొట్లాట అవుతోందట, పాప ఒకసారి వచ్చి తేల్చాలట. గువ్వ వెళ్ళింది. తోడుగా నాయనమ్మ కూడా కర్ర పట్టుకుని బయల్దేరి, బెంచీ చివర కూర్చుంది.

పిల్లలు నలుగురున్నారు. గువ్వ చెప్పడం మొదలుపెట్టింది. "ప... ప..." దగ్గర ఆగేసరికి ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. నాయనమ్మ చేతిలో కర్ర కదిలింది. గువ్వ నోరు మూసుకుంది.

గువ్వ ఊపిరి తీసుకుని ఆ మాటని మళ్ళీ మొదటినుంచి అందుకుంది. "పడవ ముందు వెళ్తుంది. ఎందుకంటే అది నీ... నీళ్ళ మీద ఉంటుంది కదా, దాని దారికి అడ్డం ఉండదు."

నవ్విన పిల్ల పలక మీదకి వంగింది. "మరి వరదొస్తే? అప్పుడు కూడా పడవేనా?"

గువ్వ ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. బెంచీ మీద కాస్త జరిగి, ఆ పిల్లకి పక్కన చోటిచ్చింది. "రా," అంది. "ఆ... ఆడి చూద్దాం."